ఇఫుగావోలో విదేశీ సాయం ప్రాజెక్టును చూడబోయేవాళ్లకు

ఫిలిప్పీన్స్‌లో ఒక పల్లె ప్రావిన్స్‌కి ఎవాల్యుయేషన్ పని మీద వెళుతున్నాం, ముందుగా ఏం తెలుసుకోవాలి అని ఈ మధ్య మన కుర్రాళ్లు కొందరు అడుగుతున్నారు. నేను నీటిపారుదల ఇంజనీరుని. బ్యాంకులు, దాత దేశాలు డబ్బు పెట్టిన పనులు నిలబడ్డాయో లేదో చూసి రాయడం నా వృత్తి. ఎక్కువగా తిరిగింది లూజోన్ దీవి ఉత్తరాన కొర్డిలెరా కొండల్లో ఉన్న ఇఫుగావో. కాబట్టి ఉదాహరణలు అక్కడివే చెబుతాను. వేరే ప్రావిన్స్‌కి వెళ్లేవాళ్లు ఊళ్ల పేర్లు మార్చుకుని చదువుకోండి.

మీకు అప్పగించిన ప్రాజెక్టు దగ్గరికి నేరుగా వెళ్లకండి. ముందు అదే మున్సిపాలిటీలో (మన మండలం లాంటిది) పదిహేను, ఇరవై ఏళ్ల కిందట ఇంకెవరి డబ్బుతోనో జరిగిన పని ఒకదాన్ని వెతికి చూడండి. ఇఫుగావోలో పెద్దగా వెతకక్కర్లేదు. ఐరోపా సమాఖ్య డబ్బుతో 1980ల చివర్లో మొదలై 2000 దాటాక ముగిసిన సెంట్రల్ కొర్డిలెరా అగ్రికల్చరల్ ప్రోగ్రాం పనులున్నాయి. ఐక్యరాజ్యసమితి వ్యవసాయాభివృద్ధి నిధి ఇఫాడ్ అప్పుతో నడిచిన చార్మ్ అనే కొండ వ్యవసాయ ప్రాజెక్టు రెండో దశ పనులున్నాయి. మాగాట్ నది పరీవాహకంలో జపాన్ ప్రభుత్వ సాయం సంస్థ జైకా చేపట్టిన అడవుల పెంపకం ఉంది. కాలవ గట్టు మీదో, గోదాము గోడ మీదో వెలిసిపోయిన లోగో కనిపిస్తుంది. ఆ కాలవలో ఇప్పుడు నీళ్లు పారుతున్నాయా? పారుతుంటే పూడిక ఎవరు తీస్తున్నారు? పారకపోతే ఏ ఏడాది ఆగింది, ఎందుకు ఆగింది? ఈ జవాబులు మీ కొత్త ప్రాజెక్టు ఫైల్లో దొరకవు. కొత్త పని చుట్టూ ఉన్నవాళ్లందరూ ఇంకా జీతాల మీద ఉన్నారు కాబట్టి మంచి మాటలే చెబుతారు. పాత పని గురించి చెప్పడానికి ఎవరికీ మొహమాటం ఉండదు.

పాతవాటిలో ఒక కథ ఆ దేశంలో ఏ వరి రైతుని కదిపినా వస్తుంది. గోల్డెన్ ఆపిల్ నత్తల్ని 1980ల మొదట్లో బయటి నుంచి తెప్పించారు. పెంచుకుని తినొచ్చు, అమ్ముకోవచ్చు అన్నారు. ఆ దశాబ్దం ముగిసేలోపే అవి లేత నాట్లు కొరికేసే పెద్ద పీడ అయ్యాయి. ఇఫుగావో మెట్ల పొలాల్లోకీ చేరాయి. మీరు వెళ్లినప్పుడు ఒక ముసలి రైతు మీ లోగో టోపీని అదోలా చూస్తే కోపం తెచ్చుకోకండి. ఆయన దగ్గర కారణాలున్నాయి.

డబ్బు లెక్క ముందే అర్థం చేసుకోండి

మనీలాలో ఉండగానే ప్రాజెక్టు డబ్బు అప్పా, గ్రాంటా, ఎవరి వాటా ఎంత అన్నది తేల్చుకోవాలి. విదేశీ సాయానికి అక్కడ ఒక చట్టం ఉంది, 1996 నాటి రిపబ్లిక్ యాక్ట్ 8182. తక్కువ వడ్డీ, ఎక్కువ గడువు కలిపి లెక్కేస్తే ప్రతి అప్పులో కనీసం 25 శాతం గ్రాంటు అంశం ఉండాలంటుంది. ఏటా ఈ ప్రాజెక్టుల తీరుని సమీక్షించి కాంగ్రెస్‌కి, అంటే వాళ్ల పార్లమెంటుకి, నివేదించే బాధ్యత ప్రభుత్వ ప్రణాళికా సంస్థ నెడాది. 2025 ఏప్రిల్‌లో నెడాని ఆర్థిక, ప్రణాళిక, అభివృద్ధి శాఖగా మార్చారు కాబట్టి పాత కాగితాల్లో ఒక పేరు, కొత్తవాటిలో ఇంకో పేరు కనిపిస్తుంది. ఆ సమీక్షల్లో ఆలస్యాలు, పెరిగిన ఖర్చులు ఉంటాయి. చదవండి, కానీ అక్కడే ఆగిపోకండి.

అసలు సంగతి వాటాల్లో ఉంది. ప్రపంచ బ్యాంకు అప్పుతో 2014లో మొదలైన ఫిలిప్పీన్ రూరల్ డెవలప్‌మెంట్ ప్రాజెక్టు తీసుకోండి. రోడ్లు, కాలవల్లాంటి కట్టడాలకి అందులో పెట్టుకున్న వాటాలు 80-10-10. అంటే అప్పు నుంచి 80 శాతం, కేంద్ర ప్రభుత్వం నుంచి 10, స్థానిక ప్రభుత్వం నుంచి 10. గవర్నర్ స్థానంలో ఉండి ఆలోచించండి. పెసోకి పది సెంటావోలు (పెసోకి వంద సెంటావోలు) పెడితే కాంక్రీటు రోడ్డు వస్తోంది. ఎవరు కాదంటారు? అయితే రోడ్డు అప్పగించిన మర్నాటి నుంచి దాని మెయింటెనెన్స్ మొత్తం, పెసోకి పెసో, ఆయన నెత్తినే పడుతుంది. కట్టేటప్పుడు పదో వంతు, కాపాడేటప్పుడు పూర్తి వంతు. నేను చూసిన పాడుబడ్డ పనుల్లో ఎక్కువ వాటి వెనక ఈ తేడానే ఉంది. లంచాల కథలు చెప్పుకోవడానికి బాగుంటాయి గానీ, నిజాయతీగా కట్టిన రోడ్డు కూడా గడ్డి కోసే డబ్బు లేక పాడవుతుంది.

గవర్నర్ దగ్గర ఆ డబ్బు ఎందుకుండదు? 1991 లోకల్ గవర్నమెంట్ కోడ్ ప్రకారం జాతీయ పన్నుల్లో 40 శాతం స్థానిక ప్రభుత్వాలకి వెళ్తుంది. అందులో ప్రావిన్సులకి 23 శాతం, నగరాలకి 23, మున్సిపాలిటీలకి 34, ఊరి స్థాయిలో ఉండే బరంగాయ్‌లకి 20. ప్రావిన్సుల భాగాన్ని మళ్లీ పంచేటప్పుడు సగం జనాభాని బట్టి, పావు విస్తీర్ణాన్ని బట్టి, పావు అందరికీ సమానంగా. 2020 లెక్కల్లో ఇఫుగావో జనాభా సుమారు 2 లక్షల 7 వేలు. జనం తక్కువ, కొండలు ఎక్కువ. మైదానంలో ఒక కిలోమీటరు రోడ్డుకి అయ్యే ఖర్చుతో కొండ మీద రక్షణ గోడలు కూడా పూర్తికావు. కొండ విరిగిపడితే తొలగించే ఖర్చు జనాభా లెక్కలో ఎక్కడా కనపడదు. స్థానిక ప్రభుత్వాల వాటాని అన్ని జాతీయ పన్నుల మీదా లెక్కకట్టాలని సుప్రీంకోర్టు 2018లో ఇచ్చిన మందానాస్ తీర్పు 2022 నుంచి అమలయ్యాక వాటా పెరిగిన మాట నిజమే. దాంతో పాటే కేంద్ర శాఖలు కొన్ని పనుల్ని కిందికి నెట్టాయి.

లగావేలో ఏం అడగాలి

ప్రావిన్స్ రాజధాని లగావే. అక్కడ మొదట వెళ్లాల్సింది ప్రొవిన్షియల్ ప్లానింగ్ అండ్ డెవలప్‌మెంట్ ఆఫీసుకి. గవర్నర్ ఆఫీసులో మర్యాదపూర్వకంగా కలవడం తప్పనిసరి, ఫొటో కూడా తప్పనిసరి. అది కానిచ్చేసి ప్లానింగ్ ఆఫీసులో కూర్చోండి. మెయింటెనెన్స్ గురించి అడిగితే ఒక తీర్మానం తెచ్చి చూపిస్తారు. "ప్రాజెక్టు పూర్తయ్యాక నిర్వహణ బాధ్యత మేమే తీసుకుంటాం" అని సంగ్గునియాన్, అంటే ప్రావిన్స్ ఎన్నికైన సభ, చేసిన తీర్మానం అది, సంతకాలతో, ముద్రలతో చక్కగా ఉంటుంది. దాన్ని ఫొటో తీసుకుని, నవ్వుతూ తరవాతి కాగితం అడగండి: ఈ ఏడాది బడ్జెట్‌లో ఈ రోడ్డు పేరు మీద పద్దు ఏది? పోయినేడు పెట్టినదాంట్లో ఖర్చయింది ఎంత? తీర్మానానికి పైసా ఖర్చు లేదు కాబట్టి ప్రతి ప్రాజెక్టుకీ ఉంటుంది. పద్దు కొన్నింటికే ఉంటుంది. ఏటా కేటాయించే 20 శాతం అభివృద్ధి నిధిలో వెతకండి, విపత్తుల కోసం పక్కన పెట్టే 5 శాతం నిధిలోనూ వెతకండి. కొండ ప్రాంతాల్లో రోడ్డు మీద పడ్డ మట్టి ఎత్తడానికి చాలాసార్లు ఆ రెండో నిధినే వాడుకుంటారు.

ఇక్కడికి రాకముందే చదవాల్సింది ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కమిషన్ ఆన్ ఆడిట్ నివేదిక. ప్రతి ప్రావిన్స్‌కీ, మున్సిపాలిటీకీ ఏటా ఒకటి వస్తుంది, అందరికీ అందుబాటులో ఉంటుంది. చాలామంది మొదటి పేజీల్లోని ఆస్తి అప్పుల పట్టిక చూసి మూసేస్తారు. మీరు చివరికి వెళ్లండి. గత సంవత్సరాల్లో చేసిన సిఫారసుల్లో ఏవి అమలయ్యాయి, ఏవి కాలేదు అన్న భాగం అక్కడుంటుంది. ఒకే అభ్యంతరం మూడు నాలుగేళ్లు వరసగా వస్తోందంటే, వాడని యంత్రాలో, తేలని అడ్వాన్సులో, మీ ఫీల్డ్ విజిట్‌కి ప్రశ్నల జాబితా దాదాపు తయారైనట్టే.

ఎప్పుడు వెళ్లాలి

దాత సంస్థల బృందాలు మార్చి, ఏప్రిల్‌లో రావడానికి ఇష్టపడతాయి. ఎండ కాస్తుంది, బనావె వైపు పర్యాటకుల కోసం హోటళ్లు తెరిచి ఉంటాయి. ఆ నెలల్లో ఏ రోడ్డైనా మంచి రోడ్డే, ఏ డ్రెయిన్ అయినా పొడిగానే ఉంటుంది. వానలు మొదలయ్యాక, కనీసం ఆగస్టులో, వెళ్లండి. కొండ విరిగి దారి మూసుకుపోయి ఒక రోజు వృథా అయ్యే అవకాశం ఉంది. అది కూడా సమాచారమే: ఎన్ని గంటలకి లోడర్ వచ్చింది, ఎవరిది, డీజిల్ ఎవరు పోయించారు, రాసుకోండి. ప్రాణం మీదకి మాత్రం తెచ్చుకోకండి. తుఫాను హెచ్చరిక ఉంటే లగావేలోనే ఆగిపోండి.

ఎన్నికల క్యాలెండర్ కూడా చూసుకోవాలి. గవర్నర్లు, మేయర్ల పదవీకాలం మూడేళ్లే, వరసగా మూడుసార్లకి మించి కుదరదు. మే నెల రెండో సోమవారం పోలింగ్. దానికి ముందు 45 రోజులు కొత్త ప్రజా పనుల మీద నిషేధం. అందుకే అంతకు ముందు నెలల్లో కాంక్రీటు హడావుడిగా పోస్తారు. రోడ్డు పక్కన బోర్డు మీద పని మొదలైన తేదీ, పూర్తయిన తేదీ, ఖర్చు, డబ్బు ఎక్కడిది, కాంట్రాక్టరు ఎవరు అన్నీ ఉండాలి. తేదీలు ఎన్నికలకి ఎంత దగ్గరో చూడండి. బోర్డులో సగం ఎవరిదైనా నవ్వు మొహం ఆక్రమించుకుని ఉంటే ఆ మొహం ఎవరిదో కూడా నోట్ చేసుకోండి. తరవాతి మేయర్ ప్రత్యర్థి వర్గం వాడైతే ఆ రోడ్డుకి పద్దు ఎందుకు రాలేదో అప్పుడు తెలిసిపోతుంది.

బరంగాయ్‌లో

బరంగాయ్ అంటే పరిపాలనలో అన్నిటికన్నా కింది మెట్టు. దాని పెద్ద అయిన కెప్టెన్‌ని ముందు కలవాలి, లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాలి. వాళ్లు కాఫీ, బిస్కెట్లు, ఉడికించిన చిలగడదుంప పెడతారు. తినండి. తమలపాకు, వక్క, సున్నం కలిపి నమిలే అలవాటు అక్కడ చాలామందికి ఉంది. ఇస్తే తీసుకోవడం, వద్దంటే చిరునవ్వుతో వద్దనడం రెండూ పర్వాలేదు. పశ్చిమాన తువాలి, తూర్పున అయాంగన్ భాషలు మాట్లాడతారు, ఉత్తర లూజోన్ అంతటా వాడే ఇలొకానో కూడా చాలామందికి వస్తుంది. ప్రాజెక్టు ఆఫీసు ఇచ్చే దుబాసీని వద్దనండి. ఊళ్లో బడి టీచర్‌ని అడిగి రోజు కూలీ ఇచ్చి పెట్టుకోండి.

మీటింగ్ హాల్లో కుర్చీలు వేసి అందరినీ ఒకచోట పోగేస్తే ఏమీ తెలియదు. కెప్టెన్ మాట్లాడతాడు, మిగతావాళ్లు తలూపుతారు. ఒక గంట అక్కడ గడిపి బయటపడి నడవండి. రోడ్డయితే మొదటి నుంచి చివరి దాకా కాలినడకనే చూడాలి. కారులో కూర్చుంటే పక్క కాలవ కనిపించదు. ఆ కాలవలో మట్టి నిండితే వాన నీరు రోడ్డు అంచుని తినేస్తుంది, పలక కింద బోలు పడుతుంది, మరుసటి ఏడాది పలక విరుగుతుంది. కాంక్రీటు మందం కొలిచే తాపత్రయం కన్నా ఆ కాలవలో పెరిగిన గడ్డి వయసు అంచనా వేయడం ఎక్కువ ఉపయోగం. రోడ్డు చివర సారి-సారి అనే చిల్లర కొట్టు ఉంటుంది. ఏదైనా కొనుక్కుని, బియ్యం బస్తా కిందికి దించడానికి జీపు వాళ్లు ఇప్పుడు ఎన్ని పెసోలు తీసుకుంటున్నారు, రోడ్డు పడకముందు ఎంత, వానాకాలంలో ఎంత అని అడగండి. అదే ప్రశ్న జీపు డ్రైవర్‌నీ అడగండి. ఆదాయం ఎన్ని శాతం పెరిగింది అని సర్వేలో అడిగే ప్రశ్న కన్నా ఈ మూడు అంకెల మీద నాకు నమ్మకం ఎక్కువ.

యంత్రాలుంటే తాళం చెవి అడగండి. మిల్లు, కాఫీ పొట్టు తీసే యంత్రం, వరి ఆరబెట్టే డ్రైయర్, ఏదైనా సరే. చెవి ఎంత సేపట్లో వచ్చిందో చూస్తే యంత్రం ఎంత వాడుతున్నారో తెలిసిపోతుంది. అయిదు నిమిషాల్లో వస్తే మంచిది. సంఘం మాజీ అధ్యక్షురాలు తీసుకెళ్లింది, ఆవిడ బాగియో నగరంలో కూతురి దగ్గరుంది అంటే ఇక లాగ్‌బుక్ అడగక్కర్లేదు. ఒకచోట చక్కటి కాఫీ రోస్టర్ ప్లాస్టిక్ కవరు కూడా తియ్యకుండా ఉండటం చూశాను. మోటారు మూడు ఫేజులది, ఊరికున్నది ఒకటే ఫేజు. కొన్న సంస్థ పేరు చెప్పను. స్పెసిఫికేషన్ రాసినవాళ్లు ఊళ్లోకి వచ్చి కరెంటు స్తంభం వైపు ఒకసారి తలెత్తి చూసి ఉంటే సరిపోయేది. మీరు కొనుగోలు దశలో ఉన్న ప్రాజెక్టుకి వెళుతుంటే కరెంటు ఫేజు, బెల్టులూ బేరింగులూ దొరికే దగ్గరి ఊరు, ఈ రెండూ తప్పకుండా నోట్ చేసుకోండి.

నీళ్ల పథకాల్లో చూడాల్సింది ట్యాంకు కన్నా పైన ఉన్న ఊట. అక్కడ నీటి సరఫరాని మూడు స్థాయిలుగా చెబుతారు: ఒక బావి లేదా ఊట దగ్గరే పట్టుకుంటే మొదటిది, వీధి కుళాయిలు రెండోది, ఇంటింటికీ కనెక్షన్ మూడోది. కొండ బరంగాయ్‌లకి సాధారణంగా వచ్చేది రెండోది. ఇఫుగావోలో పొలాల పైన ఉండే ముయోంగ్ అనే అడవి తోపులు కుటుంబాల సొంతం. ఊట ఎవరో ఒకరి ముయోంగ్‌లో ఉంటుంది. ఆ కుటుంబంతో రాతపూర్వకమైన ఒప్పందం ఉందా, లేక అన్న ఒప్పుకుంటే చెల్లెలి కొడుకు కాదన్నాడా? పైపు తెగి ఉంటే వెంటనే తుఫాను అని రాసేయకండి. ఆ తోపు ఎవరిదో కనుక్కోండి.

సంఘాల సంగతి కూడా చూడండి. ప్రతి ప్రాజెక్టూ ఒక కొత్త రైతు సంఘాన్ని పుట్టిస్తుంది. ఇదివరకటి ప్రాజెక్టుల సంఘాల సభ్యుల జాబితాలు తెప్పించి పక్కపక్కన పెట్టుకుంటే, అదే కోశాధికారి నాలుగు సంఘాల్లో కనిపిస్తుంది. అది మోసం అనుకోవద్దు. ఊళ్లో లెక్కలు రాయగలిగిన ఆడమనిషి ఆవిడొక్కతే అయివుండొచ్చు, నాలుగు దాతలకి నాలుగు ఫార్మాట్లలో రిపోర్టులు రాస్తూ ఆవిడ పొలం పని పోగొట్టుకుంటూ ఉండొచ్చు. ఊరివాళ్ల వాటా కింద లెక్కేసిన ఉచిత శ్రమ రోజులు కూడా ఆవిడ నోటుపుస్తకంలోనే ఉంటాయి. ఆవిడతో గంటసేపు కూర్చోండి. మిగతా ఇంటర్వ్యూలు సగం తగ్గించుకున్నా ఇది మానకండి.

ఒప్పుదల కాగితాలు

కొర్డిలెరాలో ఆదివాసీల సమ్మతి మాట ఫార్మాలిటీ కింద తీసిపారేసేవాళ్లకి చరిత్ర తెలియదన్నమాట. ఇఫుగావోకి ఉత్తరాన ఉన్న కాలింగాలో, బొంతోక్‌లో 1970ల్లో చికో నది మీద ప్రపంచ బ్యాంకు డబ్బుతో డ్యాములు కట్టాలనుకున్నారు. ఊళ్లు మునుగుతాయని జనం ఎదురు తిరిగారు. నాయకుడు మక్లీ-ఇంగ్ దులాగ్‌ని 1980 ఏప్రిల్ 24న సైనికులు కాల్చి చంపారు. డ్యాములు ఆగిపోయాయి. 1997లో వచ్చిన ఆదివాసీ హక్కుల చట్టం, రిపబ్లిక్ యాక్ట్ 8371, వాళ్ల భూమి మీద పని చెయ్యాలంటే ముందే, పూర్తి సమాచారంతో, స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి ఉండాలంటుంది. అదే చికో మీద 2018లో చైనా ఎగ్జిమ్ బ్యాంకు 6 కోట్ల 20 లక్షల డాలర్ల అప్పుతో పంపు ఇరిగేషన్ ప్రాజెక్టు ఒప్పందం అయినప్పుడు కూడా చర్చంతా మళ్లీ సమ్మతి చుట్టూ, అప్పు షరతుల చుట్టూ తిరిగింది.

మీకు ఫైల్లో సమ్మతి సర్టిఫికెట్ చూపిస్తారు. దాని వెనక ఉన్న మీటింగ్ మినిట్స్ అడగండి. ఏ భాషలో మాట్లాడారు, పెద్దలు వచ్చారా, ఒక్క మీటింగ్‌లోనే తేల్చేశారా అన్నవి చూడండి. సంతకాల కాగితం పైన శీర్షిక ఏముందో కూడా చూడండి. టిఫిన్ ప్యాకెట్లు పంచేటప్పుడు తీసుకున్న హాజరు పట్టీనే సమ్మతి పత్రంగా జత చేసి ఉంటే, అదొక్కటే మీ రిపోర్టు మొదటి పేజీకి ఎక్కాలి.

నిలబడినదాన్ని కూడా చూసి రండి

ఎప్పుడూ పాడుబడ్డవే చూస్తే మనిషికి చిరాకు పుడుతుంది. కియాంగన్‌లో అంబంగల్ చిన్న జలవిద్యుత్ కేంద్రం చూడండి. 200 కిలోవాట్లది. జీ8 దేశాల విద్యుత్ సంస్థల కూటమి తరఫున టోక్యో ఎలక్ట్రిక్ ముందుండి కట్టించింది, 2010 జనవరిలో మొదలైంది, ప్రావిన్స్ చేతికి వచ్చింది. కరెంటు అమ్మిన డబ్బు మెట్ల పొలాల పరిరక్షణ నిధికి వెళ్లేలా పెట్టారు. అక్కడి మెట్ల పొలాలు 1995లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరి, 2001లో ప్రమాద జాబితాకెక్కి, 2012లో అందులోంచి బయటపడ్డాయి. రాతిగోడలు కూలితే కట్టుకోవడానికి ఏటా కొంత డబ్బు కావాలి, ఆ డబ్బు పుట్టే చోటు ముందే ఆలోచించి కట్టిన ప్రాజెక్టు ఇది. తరవాత అసిపులోలో జైకా గ్రాంటుతో 820 కిలోవాట్ల లికుద్ కేంద్రం కూడా వచ్చింది. వీటి దగ్గరికి వెళ్లినప్పుడు టర్బైన్ ముందు ఫొటో దిగి వచ్చేయకుండా నిధి పుస్తకం చూపించమనండి. ఎంత జమైంది, ఏ గోడకి ఎంత ఇచ్చారు, ఆ గోడ ఎక్కడుంది, తీసుకెళ్లి చూపిస్తారా అని అడగండి.

రిపోర్టు రాసేటప్పుడు

జీపీఎస్ ముద్ర ఉన్న ఫొటోలు ఇప్పుడు అన్ని ప్రాజెక్టుల్లో ఉన్నాయి. కట్టడం ఫలానా చోట ఉందని అవి చెబుతాయి, దాన్ని ఎవరైనా వాడుతున్నారని చెప్పవు. మీ రిపోర్టులో ప్రతి కట్టడానికీ మూడు విషయాలు రాయండి: నిర్వహణ ఎవరిది, ఈ ఏడాది పద్దు ఎంత, చివరిసారి మరమ్మతు ఎప్పుడు. మూడింట్లో ఏదైనా ఖాళీగా ఉంటే ఖాళీగానే వదిలెయ్యండి, "త్వరలో" అని మాత్రం రాయొద్దు. "సస్టైనబిలిటీకి సంతృప్తికరం" లాంటి మాట వాడాలనిపిస్తే పద్దు నంబరు పక్కన పెట్టి వాడండి.

డ్రాఫ్టు మనీలాకి పంపే ముందు ఊరికి చేర్చండి. దాత సంస్థ ఒప్పుకోకపోతే కనీసం వాస్తవాల భాగం అయినా. బరంగాయ్ అసెంబ్లీ ఏడాదికి రెండుసార్లు జరగాలి. దగ్గర్లో ఉంటే అందులో టీచర్ చేత నోటిమాటగా చెప్పించండి. జీపు చార్జీ తప్పు రాశారనో, ఊట ఫలానా వాళ్లది కాదనో అప్పుడు దిద్దుతారు. కాపీలు మున్సిపల్ ప్లానింగ్ ఆఫీసుకొకటి, బరంగాయ్ సెక్రటరీకొకటి విడివిడిగా ఇవ్వండి. ఒకరికిచ్చి రెండోవారికి అందజేయమంటే అందదు. సెక్రటరీకి ఇచ్చేది ప్రింటు కాపీ అయివుండాలి, ఇచ్చినట్టు లాగ్‌బుక్‌లో ఎంట్రీ వేయించండి.